మీ అవ్వ దీంట్ల ఏం వండేది?

కూతురు కాన్పుకని నెల రోజులు కరీంనగర్‌లో ఉండి వచ్చాను. గోదావరిఖనిలో దిగిన మర్నాడు పొద్దున మా గేటు ముందు ఒక ఆటో ఆగింది. ఆటో నిండా పాత ఇత్తడి సామాను. బిందెలు, చెంబులు, కంచు గిన్నెలు ఒకదాని మీద ఒకటి. వాటి మధ్య నుంచి కుంటుకుంటూ ఒకప్పటి మా వెనకింటి బావ దిగాడు. ఆయన చేతిలో మా అమ్మ వంట గంజు ఉంది.

"టీచరమ్మా, ఇది మీది. తీస్కో" అన్నాడు.

"ఏంది బావా, అక్క పంపిందా?"

"పంపినట్టే అనుకో." గంజును గేటు పక్క గోడ మీద పెట్టి, భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "ఫోన్ జేద్దామనుకున్న. నువ్వు బిడ్డ కాన్పు కాడ ఉన్నవు, శుభమైన ఇంట్లకు గీ కబురు ఎందుకని ఊకున్న. అక్క పోయింది. దినాలు గూడ అయిపోయినయ్."

నేను గేటు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. లోపలికి రమ్మన్నాను, రానన్నాడు. చాయ్ తాగమన్నాను, వద్దన్నాడు.

"పోయేముందు ఒక్కటే మాట జెప్పింది. ఎవలయి వాళ్ల ఇంటికి చేర్చుమన్నది. నాకేమో ఏది ఎవలదో తెల్వకపాయె. మంచంల పండుకునే ఉన్నది, నేను ఒక్కొక్కటి చేతుల వట్టుకొని చూపిస్త, ఇది ఫలానోళ్లది అని చెప్తది. ఆఖరుకు మాట పోయినంక గూడ కండ్లతోని చెప్పింది. ఇంకా మస్తు ఇండ్లు తిరగాలె" అని ఆటో ఎక్కాడు.

ఆటో గల్లీ మలుపు తిరిగేదాకా ఇత్తడి మీద ఇత్తడి తగిలే చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఆమె పేరు నాకు తెలుసు. కాని మా కాలనీలో ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. అందరికీ ఆమె బోళ్లక్క. వంట సామానును మా దిక్కు బోళ్లు అంటారు. నన్ను చెల్లె అని పిలిచేది. నేను కాలనీ పక్కన ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. మా క్వార్టరూ వాళ్ల క్వార్టరూ వెనక గోడలు కలిసి ఉండేవి. ఆమె వంటింట్లో గరిటె పడితే మా వంటింట్లో వినిపించేది.

పొడుగు మనిషి. నడుము దగ్గర కొంచెం వంగింది, తలుపు చిన్నదైన ఇంట్లోకి ఎప్పుడూ దూరబోతున్నట్టు ఉండేది. చింతపండూ బూడిదా రాసి రాసి ఆమె వేళ్ల కొసలు తెల్లగా నాని ముడతలు పడేవి. దగ్గరికి వస్తే పులుపు వాసన. బయటికి వెళ్తే చంకలో మడిచిన యూరియా సంచి ఉండేది. రిటైరైనవాళ్లు క్వార్టరు ఖాళీ చేస్తూ ఇంటి ముందు డీసీఎం వ్యాను ఆపారంటే ఆమె అక్కడ ఉన్నట్టే. సోఫాలు, కూలర్లు, బీరువాలు ఎక్కుతుంటే పక్కన నిలబడి చూసేది. అన్నీ ఎక్కించాక, ఎవరికీ అక్కర్లేక గోడవారన మిగిలిపోయిన ఒక నల్లబడ్డ చెంబో, చిలుము పట్టిన తాంబాలమో ఉండేది. అప్పుడు ముందుకొచ్చేది.

"ఇది ఎవలది బిడ్డా?"

"మా అవ్వది. పాతది. తీస్కపో అక్కా, నువ్వే తీస్కపో."

"మీ అవ్వ దీంట్ల ఏం వండేది?"

అక్కడ ఆగిపోయేవాళ్లు. సామాను ఎక్కించే హడావుడిలో ఎవరికి గుర్తొస్తుంది? కొందరు నవ్వేవాళ్లు. కొందరు విసుక్కునేవాళ్లు. ఆమె మాత్రం కదిలేది కాదు. చివరికి ఎవరో ఒకరు, ఎక్కువగా ఆ ఇంటి పెద్ద కొడుకు, చేతిలో తాడు అట్లాగే పట్టుకుని, "పొట్లకాయల పెసరుబ్యాళ్లు వేసి వండేది" అనేవాడు. అని, తాడు కింద పెట్టేసేవాడు. ఆమె సంచిలోంచి ఒక కొత్త స్టీలు గిన్నె తీసి వాళ్ల చేతిలో పెట్టి, పాతదాన్ని సంచిలో వేసుకునేది.

జవాబు దొరక్కపోతే తీసుకునేది కాదు. ఒకసారి ఒక కాంట్రాక్టరు పెద్ద రాగి కొప్పెర పంపించాడు. ఇద్దరు మనుషులు మోసుకొచ్చి గుమ్మంలో దించారు. ఎవరిదో తెలియదట, ఏదో వేలంలో కొన్నాడట. "ఎవలదో తెల్వకుంటె నేను ఎవలను పిలువాలె?" అని తిప్పి పంపింది.

ఆ మాటలో ఆమె ఉంది. ఆమె ఉత్తగా పోగు చేసేది కాదు. తెచ్చినదాన్ని తోమి, కళాయి పూయించి, మంచిరోజు చూసి, దాంట్లో ఆ ఇంటామె వండిన వంటే వండేది. మొదటి గరిటె మోదుగాకులో పెట్టి వెనక గోడ మీద ఉంచేది. తర్వాత గోడ మీదుగా నన్ను కేకేసేది.

"చెల్లే, దా. రాజవ్వ వండింది."

రాజవ్వ చచ్చిపోయి ఎన్నేళ్లో. అయినా అదే మాట. ముందు గదిలో చెక్క అరల మీద బోళ్లన్నీ వరుసగా ఉండేవి, వాటిని ఆమె మనుషుల పేర్లతోనే పిలిచేది. రాజవ్వ, పోశవ్వ, కమాన్‌పూర్ లచ్చవ్వ, బసంత్‌నగర్ మామిడవ్వ. "ఇయ్యాల పోశవ్వకు చింతపండు పెట్టలె, ముఖం నల్లగ వెట్టుకున్నది" అనేది. కాలనీ పిల్లలు ఆ గదిలోకి రావడానికి భయపడేవాళ్లు. పెద్దవాళ్లకూ లోపల ఏదో బెరుకే. ఆమె చేసి పంపింది పారబోయలేరు, తినలేరు. నేను తినేదాన్ని. రుచి బాగుండేది. కాని ఒక్కో వంటది ఒక్కో చెయ్యి. ఒకదాంట్లో ఉప్పు తక్కువ, ఒకదాంట్లో మెంతులు ఎక్కువ. ఒక మనిషి వండినట్టు ఉండేది కాదు.

బావకు ఇదంతా అలవాటైపోయింది. బొగ్గు బాయిలో కప్పు కూలి కాలు నలిగినప్పటి నుంచి ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఎవరైనా వచ్చి "ఇంట్ల ఎవలున్నరే?" అని అడిగితే, "బతికున్నోళ్లల్ల నేను ఒక్కన్నే. మిగిలినోళ్లు మస్తుగున్నరు, లోపటికి పో" అనేవాడు. అక్క వినీ విననట్టు ఉండేది.

ఒకసారి కరీంనగర్ నుంచి ఒక హోటలాయన కారేసుకుని వచ్చాడు. పాతకాలపు వంటిల్లు లాగా హోటలు కడుతున్నాడట. గోడలకు ఈ బోళ్లన్నీ తగిలించి దీపాలు పెడితే మనుషులు ఫొటోలు దిగుతారట. ఎంతంటే అంత ఇస్తానన్నాడు. అక్క అతన్ని కూర్చోబెట్టి, మామిడవ్వ గిన్నెలో కాచిన చారు పోసింది. తాగాక అడిగింది.

"గోడకు ఏం ఆకలయితది సార్?"

ఆయనకు అర్థం కాలేదు. బావకు అర్థమై, ఆయన్ను కారుదాకా సాగనంపి వచ్చాడు.

మా అమ్మ పోయిన ఏడాది నేనే గంజు పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాను. మా అన్న ఇంట్లో అటక మీద పడి ఉంటే తెచ్చుకున్నాను. తెచ్చుకున్నానే గాని, దాన్ని చూస్తూ ఇంట్లో ఉండలేకపోయాను. ఆ మాట ఆమెకు చెప్పలేదు. ఇచ్చాను, అంతే.

"మీ అమ్మ దీంట్ల ఏం వండేది?"

"మక్క గటక. మా బాపు డ్యూటీ నుంచి వచ్చేసరికి."

"ఇంకేం?"

"ఇంకేం లేదు. రోజూ అదే."

వారం తర్వాత పిలిచింది. వెళ్లేసరికి పొయ్యి దగ్గర పీట వేసి ఉంది. పళ్లెంలో మొక్కజొన్న రవ్వ ఉడికించిన గటక, పక్కన పచ్చిపులుసు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అడుగు మాడిన వాసన. తీయగా, పొగగా, నాలుక వెనక కొద్దిగా చేదుగా. రెండో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

మా అమ్మ గటక ఎప్పుడూ మాడేది. గటక పొయ్యి మీద ఉండగానే షిఫ్టు సైరన్ మోగేది. అమ్మ గరిటె అక్కడే వదిలేసి వాకిట్లోకి వెళ్లేది. బాయి రోడ్డు మీద బాపు మనిషి కనబడేదాకా అక్కడే నిలబడేది. ఆయన కనబడ్డాక లోపలికి వచ్చి మూత తీసేది. అప్పటికే అడుగంటేది. మా ఇంట్లో గటక రుచి అంటే అదే. బాపు క్షేమంగా పైకొచ్చిన రుచి. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

"అక్కా, నీకెట్ల తెల్సు?"

"గంజు అడుగున మాడు మరక ఉన్నది. ఎంత తోమినా పోలె. రోజు మాడితెనే గట్ల కూసుంటది." పొయ్యిలోకి చూస్తూ మెల్లగా అంది. "అయినా నేను మాడ్సలె చెల్లె. నేను ఈడనే కూసున్న, కలుపుకుంటనే ఉన్న. దానంతట అదే మాడింది."

మధ్యాహ్నం ఎండ వాకిట్లో పడుతోంది. బావ కుర్చీలో కునుకుతున్నాడు. నాకు వీపు వెనక ఎవరో నిలబడ్డట్టయింది. తిరిగి చూడలేదు. పళ్లెం మొత్తం తిన్నాను.

ఆ రోజే ఆమె తన సంగతి చెప్పింది.

తల్లి పురిట్లోనే పోతే ఆమెను అవ్వ పెంచింది. కమాన్‌పూర్ అవతల చిన్న ఊరు. అవ్వకు ఒక ఇత్తడి సర్వ ఉండేది. బియ్యప్పిండిలో నువ్వులు, శనగపప్పు, ఎల్లిగడ్డ కారం కలిపి, సర్వ లోపలి గోడకు పలుచగా ఒత్తి, వేళ్లతో బొక్కలు పెట్టి, మూత వేసి కాల్చేది. మా దిక్కు సర్వపిండి అంటే ప్రాణం ఇస్తారు. ఆ సర్వకు పొట్ట మీద ఒక సొట్ట ఉండేదట. చిన్నప్పుడు ఈమే బావి గట్టు మీద పడేసింది. సొట్ట ఉన్నచోట పిండి ఉబ్బి, బుగ్గలాగా లేచేది. ఆ బుగ్గ ముక్క ఎప్పుడూ మనుమరాలికే.

ఊరు ఓపెన్‌కాస్టు బొగ్గు గని కిందికి పోయింది. దాదాపు అందరూ ఖాళీ చేశారు, ఆఖరుకు మిగిలినవాళ్లలో అవ్వ ఒకతి. "ఎల్లుండి ఇల్లు కూలుస్తరట, నా బిడ్డను వచ్చి బోళ్లు తీస్కపొమ్మను, కోడండ్ల చేతిల వడితె ఉండయి" అని కబురు పంపింది. ఈమె వెళ్దామని సంచి సర్దుకుంది. ఇల్లు కూల్చే రోజు పొద్దునే బాయిలో కప్పు కూలింది. మొగుణ్ని దవాఖానకు తెచ్చారు. కాలు ఉంటుందో తీస్తారో తెలియదు. ఆమె దవాఖాన వరండాలో ఉంది. అవ్వ వాకిట్లో ఉంది.

ఆయన కాలు నిలిచాక వెళ్తే ఊరే లేదు. మేనమామ కిరాయి గదిలో అవ్వ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. బోళ్లన్నీ మేనమామ సంచిలో కట్టి పాత సామాను బేరగానికి ఇచ్చేశాడు. అవ్వ ఇటు తిరిగి, "తిన్నవా బిడ్డా?" అంది. ఇంకేమీ అనలేదు. కొద్ది రోజులకే పోయింది.

"తిట్టినా బాగుండు చెల్లె. తిన్నవా అన్నది. మూటగట్టుకొని తొవ్వ జూసుకుంట కూసున్నది, కండ్ల ముంగట ఇల్లు కూల్చిన్రు. నేను రాలె. అవ్వ సూసింది, నేను రాలె."

చెంబు తోముతున్నా, చాయ్ పోస్తున్నా, ఒక్కోసారి చెయ్యి ఆగిపోయేది. ఆ రెండు మాటలే పెదవుల మీద కదిలేవి. కూలుతున్న ఇంటిని ఆమె చూడలేదు. చూడనిదాన్ని రోజూ చూసేది. మొదట తూర్పు గోడ పోయిందట. తర్వాత దూలం. తర్వాత పొయ్యి మీది అటక. ఎవరూ చెప్పలేదు, ఆమెకు ఆమే కూల్చుకునేది. ఎక్కడ ఏ సర్వ కనబడినా ముందు లోపల చెయ్యి పెట్టి తడిమేది. సొట్ట కోసం.

కొన్నేళ్ల కింద, కళాయి పూసే సాయెబు ఆమె గుమ్మంలో కూర్చుని పని చేసుకుంటూ యథాలాపంగా ఒక మాట అన్నాడు. కమాన్‌పూర్ దగ్గర పునరావాస కాలనీలో ఒక ముసలామె సర్వకు కళాయి పూశాడట. పొట్ట మీద సొట్ట ఉంటే కొట్టి సరిచేస్తానన్నాడట.

"ముసల్ది నన్ను తిట్టింది అక్కా. సొట్ట జోలికి పోతె చెయ్యి ఇర్గుతది అన్నది."

అక్క చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టింది. మర్నాడు ఆదివారం. నన్ను తోడు రమ్మంది. ఆటో మాట్లాడుకుని వెళ్లాం.

ఇల్లు దొరకడం కష్టం కాలేదు. నువ్వుల వాసన గల్లీ మొదట్లోనే తగిలింది. వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి, దాని మీద సర్వ. పక్కన పండు ముసలామె, కళ్ల మీద తెల్లపొర. మా అడుగుల చప్పుడుకు తలెత్తి, అక్క ముఖంలోకి చాలాసేపు చూసింది. సర్వ మీది మూత చేతిలో ఉంది, పెట్టడం మర్చిపోయింది.

"నడుము వంచి వస్తున్నవు. అచ్చం గట్లనే వచ్చేది అది" అంది. "నువ్వు దాని మనుమరాలివి గదా?"

అక్క అక్కడే నేల మీద కూలబడింది.

"ఇన్నేండ్ల సంది ఎప్పుడస్తవో అని సూస్తున్న బిడ్డా. నీ ఇల్లు ఏడనో నాకు తెల్వకపాయె. మీ మామను అడిగితె ఖనిల ఉన్నదన్నడు, గంతే. గంత పెద్ద ఖనిల ఏడ లెంకాలె?"

"అవ్వ నీకు ఇచ్చిందా?"

"ఇచ్చింది. మిగిలినయి మీ మామ బేరగానికి ఏసిండు, దీన్ని కొంగు కింద వెట్టుకొని తెచ్చి నా చేతిల వెట్టింది. దానికి ఆ గదిల పొయ్యి లేకపాయె. పొయ్యి ఉన్నోళ్ల కాడ ఉండాలె అన్నది. పోయేదాంక నేనే కాల్చి తీస్కపోయి తినవెట్టిన."

అక్క పొయ్యి దగ్గరికి జరిగింది. కాసేపటికి అడిగింది. "ఆ దినం... ఇల్లు కూల్చిన దినం... నా కోసం సూసిందా అవ్వ?"

"పొద్దుగాల సూసింది. పగటీలికి బాయిల కప్పు కూలిన కబురు వచ్చింది. నీ పెనిమిటి అని తెలిసింది. అప్పుడు లేచి నిలవడ్డది. అది రావద్దు, రాకుంటెనే మంచిది అన్నది." ముసలామె సర్వ మీద మూత పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. "వస్తె కూలుడు సూస్తది, ఒక్కపారి సూస్తె దాని కండ్లల్ల ఎప్పటికి కూలుతనే ఉంటది. దానికన్న నా వంటిల్లు నిలవడ్డట్టె యాదికుండనియ్ అన్నది. గామాట అని నా చెయ్యి వట్టుకొని తోలుకపోయింది. ఇద్దరం ఊరి బయటికి నడిచినం. అది గూడ కూలుడు సూడలె బిడ్డా. ఎనుకకు తిరుగనే లేదు."

సర్వలోంచి చిటపటమని చప్పుడు. ముసలామె తడిమి మూత తీసి, అట్లకాడతో పిండిని ఊడదీసి, సొట్ట ఉన్నచోటు ముక్కను వేళ్లతో వెతికి తుంచి, అక్క చేతిలో పెట్టింది. ఎర్రగా, బుగ్గలాగా ఉబ్బి ఉంది. అక్క దాన్ని వేడివేడిగానే తిన్నది. కన్నీళ్లు తుడుచుకోలేదు. నమిలింది, మింగింది, ఇంకో ముక్కకు చెయ్యి చాపింది. అంత ఆకలిగా ఆమె తినడం నేనెన్నడూ చూడలేదు.

వచ్చేటప్పుడు ముసలామె సర్వను నీళ్లతో కడిగి కొంగుతో తుడిచి ఆమె ముందు పెట్టింది. "నీది నువ్వు తీస్కపో."

అక్క దాని లోపల చెయ్యి పెట్టి సొట్టను ఒకసారి తడిమింది. మళ్లీ పొయ్యి మీద పెట్టేసింది.

"నువ్వు వండుతున్నవు గదవ్వా. ఉండనియ్."

తిరుగుదారిలో ఓపెన్‌కాస్టు పక్క రోడ్డు మీద ఆటో ఆగిపోయింది. ఎర్రజెండా అడ్డం పట్టుకుని సెక్యూరిటీ గార్డు నిలబడ్డాడు. బ్లాస్టింగ్ టైం. ముందూ వెనకా బండ్లన్నీ ఆగి ఉన్నాయి. అక్క ఆటో దిగి కంచెదాకా నడిచింది. నేనూ వెనకే వెళ్లాను.

కంచె అవతల నేల లేదు. మెట్లు మెట్లుగా లోతు, ఎక్కడో అడుగున నల్లటి నీళ్లు. పెద్ద పెద్ద డంపర్లు అగ్గిపెట్టెల్లాగా దూరంగా పక్కకు జరిగి ఆగి ఉన్నాయి. అక్క కొండలను చూసి, రోడ్డును చూసి, దిక్కులు సరిచూసుకుంది. తర్వాత చెయ్యి చాపింది. కిందికి కాదు. ఎదురుగా, మా కళ్ల ఎత్తున, ఖాళీ గాలిలోకి.

"మా వంటిల్లు గాడ ఉండె చెల్లె."

నేను అటే చూశాను. ఊరు ఉన్న నేలంతా తవ్వుకుని పోయారు, ఇల్లు ఉన్న ఎత్తు మాత్రం అట్లాగే మిగిలింది. ఒక గద్ద ఆ చోటు మీదుగా మెల్లగా దాటిపోయింది.

అక్క రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని పిలిచింది.

"అవ్వా! నేనచ్చిన!"

అటు గట్టుకు తగిలి గొంతు తిరిగొచ్చింది. గార్డు ఉరుక్కుంటూ వచ్చాడు. విజిల్ నోటిదాకా తెచ్చి ఆపాడు, ముఖంలో కంగారు.

"ఏందమ్మా, ఎవలను పిలుస్తున్నవ్? కింద ఎవలన్న ఉన్నరా? జల్ది చెప్పు, బ్లాస్టింగ్ ఆపియ్యాలె!"

అక్క చేతులు దించింది. ఆ గాలిని ఇంకోసారి చూసింది.

"లేరు బిడ్డా" అంది. "అందరు ఎల్లిపోయిన్రు."

గార్డు విజిల్ ఊదాడు.